పాత టూ స్ట్రోక్ పోయింది, దాని చోట ఏం పెట్టాను: ఏడాది వాడాక నా రివ్యూ

పోయిన సీజన్ మధ్యలో, నా చేపల బోటు వెనక బిగించే పాత 25 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు (పెట్రోలులో ఆయిల్ కలిపి నడిపే రకం) చేతులెత్తేసింది. పద్నాలుగేళ్లు పనిచేసింది కాబట్టి దాన్ని తిట్టుకోవడానికేమీ లేదు. కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కుడు ఒత్తిడి) చూస్తే ఒక సిలిండర్‌లో 110 పీఎస్‌ఐ, రెండోదాంట్లో 70. కింద గేర్ బాక్స్ స్క్రూ విప్పితే ఆయిల్ పాలలా తెల్లగా కారింది, అంటే సీళ్లు పోయి నీళ్లు చేరాయన్నమాట. హెడ్డు దగ్గర నీళ్లు తిరిగే దారుల్లో అల్యూమినియాన్ని ఉప్పు తినేసి, గోరుతో గీకితే పొడి రాలుతోంది. "బోరింగ్ చేయిస్తే పిస్టన్లు కొత్తవి పెడతా గానీ, ఆ బ్లాకు ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేనన్నా" అన్నాడు మెకానిక్. అంత నిజాయితీగా చెప్పాక ఇంకా దానిమీద డబ్బు పొయ్యడం దేనికని కొత్తది కొందామనుకున్నాను. టెన్షన్ అక్కడ మొదలైంది.

ముందు నా బోటు సంగతి చెబుతాను, లేకపోతే కింద రాసేది మీకు పనికొస్తుందో లేదో తేల్చుకోలేరు. 18 అడుగుల ఫైబర్ బోటు, ఇద్దరం మనుషులం, వలలు, ఐస్ పెట్టె. వల దగ్గరికి వెళ్లడానికి గంట, రావడానికి గంట పైన. మధ్యలో ఓ నాలుగు గంటలు మోటారు నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది, వల వదలడం, ఎత్తడం, అటూ ఇటూ జరగడం. ఈ నాలుగు గంటల్ని నేను మొదట లెక్కలోకే తీసుకోలేదు. అందరిలాగే "25 పోయింది, 30 పెడదామా, 40 పెడదామా" అని ఆలోచించాను.

40 ఆలోచన మా బావది. "పవర్ ఎక్కువుంటే తప్పేముందిరా, వాడకపోతే వాడవు" అంటాడు. తప్పుంది బావా, బరువుంది. 40 హెచ్‌పీ ఫోర్ స్ట్రోకులు (పెట్రోలులో ఆయిల్ కలపక్కర్లేని రకం) ఏ కంపెనీవి చూసినా ఇంచుమించు 95 నుంచి 105 కిలోలు. నా పాత మోటారు 52 కిలోలు. అంటే నా బోటు వెనక పలక మీద ఇంకో మనిషిని శాశ్వతంగా కూర్చోబెట్టినట్టే. మోటారు లేకుండా ఇసుక బస్తా పెట్టి చూశాను (నవ్వకండి, చాలా పనికొచ్చిన పరీక్ష ఇది), వెనకున్న నీళ్లు పోయే రంధ్రాలు మునిగి బయటి నీళ్లు లోపలికి రావడం మొదలెట్టాయి. పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది కదా, అది ఎక్కడైనా మెత్తబడి ఉంటే అంత బరువుకీ అంత తోపుడుకీ చీలిపోతుంది. సుత్తి పిడితో పలకంతా తట్టి చూడండి, గట్టిగా టక్‌మనాలి, మొద్దుగా శబ్దం వస్తే మోటారు కంటే ముందు పలక మార్చాలి. బోటు తయారుచేసినవాళ్లు గరిష్ఠ హెచ్‌పీ అని ప్లేటు మీద కొట్టి ఇస్తారు చూడండి, అది ఊరికే కొట్టింది కాదు.

ఇంకో లెక్క కూడా ఉంది. నీళ్లను తోసుకుంటూ వెళ్లే బోటుకి ఒక సహజమైన వేగం ఉంటుంది, నీటి గీత దగ్గర పొడవు ఎన్ని అడుగులో దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్స్‌లో వస్తుంది (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు). నా బోటుకి నీటి గీత 16 అడుగులు, అంటే 5.4 నాట్స్. అది దాటాలంటే బోటు తన అలనే ఎక్కి నీళ్ల మీద తేలాలి. ఖాళీగా ఉంటే తేలుతుంది. వలలూ చేపలూ ఐసూ నిండాక సగం సగంగా ముక్కు ఎత్తుకుని దున్నుకుంటూ పోతుంది. ఆ స్థితిలో 40 పెట్టినా, ఇంధనం తాగినంతగా వేగం రాదు.

మళ్లీ టూ స్ట్రోకే కొందామా అని నిజంగానే ఆలోచించాను. ఉద్గారాల నియమాల వల్ల అమెరికా, యూరప్‌లలో కార్బురేటర్ టూ స్ట్రోకులు కొత్తవి అమ్మకాల్లోంచి పోయాయి గానీ, ఆసియా, ఆఫ్రికాల్లో యమహా ఎండ్యూరో లాంటివి ఇప్పటికీ దొరుకుతాయి. వాటిమీద నాకు గౌరవమే. విప్పితే అన్నీ కంటికి కనిపించేవే, రెండు కార్బురేటర్లు, రెండు ప్లగ్గులు, కాయిలు, అంతే. నీళ్లలో మునిగినా వెంటనే మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి, తాడు లాగి నీళ్లు కక్కించి, ఆయిల్ పోసి ఆ రోజే లేపిన వాళ్లని చూశాను. (నడుస్తుండగా మునిగితే మాత్రం గట్టిగా తిప్పకండి, లోపలికి నీళ్లు పీల్చి కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు.) రోజూ అలల్లోంచి ఒడ్డుకి లాగే బోటైతే, చుట్టుపక్కల ఉన్న మెకానిక్ చేతిలో స్పానర్ తప్ప ఇంకేమీ లేకపోతే, నేనూ టూ స్ట్రోకే కొంటాను. కిరోసిన్ మోడళ్లు కూడా ఉన్నాయి, పెట్రోలు మీద లేపి వేడెక్కాక కిరోసిన్‌కి మార్చాలి, కంప్రెషన్ తక్కువ కాబట్టి పవర్ కూడా అదే సైజు పెట్రోలు మోటారు కంటే తక్కువ. ప్లగ్గులు నల్లబడటం, ఆపే ముందు మళ్లీ పెట్రోలుకి మార్చడం మర్చిపోవడం, ఆ గోల నాకొద్దనుకున్నాను.

నన్ను టూ స్ట్రోక్ దగ్గర్నుంచి జరిపింది ఆ నాలుగు గంటలే. టూ స్ట్రోక్‌లో కొత్త మిశ్రమం సిలిండర్‌లోకి వచ్చేటప్పుడు పొగ పోయే దారి కూడా తెరిచే ఉంటుంది, కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇది మరీ అన్యాయం. నీళ్ల మీద రంగురంగుల తెట్టు కనిపిస్తుందే, అది మన డబ్బే. నా పాత మోటారు ఒక వేటకి 35, 36 లీటర్లు తాగేది, 50:1 చొప్పున దాంట్లో కలిపే ఆయిల్ ముప్పావు లీటరు దగ్గర, అది వేరే ఖర్చు. ఫోర్ స్ట్రోక్ అయితే ఫుల్ థ్రాటిల్‌లో ప్రతి 10 హెచ్‌పీకి గంటకి సుమారు 4 లీటర్లు అనుకోవచ్చు, నెమ్మదిగా తిరిగేటప్పుడు లీటరో, లీటరున్నరో.

సరే ఫోర్ స్ట్రోక్. ఎన్ని హెచ్‌పీ? ఇక్కడ నాకు ఎవరూ చెప్పని విషయం ఒకటి క్యాటలాగులు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. సుజుకీ 9.9, 15, 20 మూడూ 327 సీసీ ఒకటే ఇంజను. టొహాట్సు 9.9, 15, 20 మూడూ 333 సీసీ. యమహాలో ఎఫ్15, ఎఫ్20 రెండూ 362 సీసీ. అంటే 15 కొన్నా 20 కొన్నా పలక మీద పడే బరువు దాదాపు అంతే, సుజుకీ, టొహాట్సు 44 కిలోల చుట్టూ, యమహా 51 చుట్టూ. నా పాత టూ స్ట్రోక్ 52! ఫోర్ స్ట్రోక్ అంటే బరువు అనే మాట 40 హెచ్‌పీ దగ్గర నిజం, 20 దగ్గర కాదు. కాబట్టి ఈ వరసలో బోటు ఒప్పుకుంటే పైదే తీసుకోవాలి, 15 కొనడంలో ధర తేడా తప్ప లాభం లేదు. ఇంకో తమాషా, మెర్క్యురీ చిన్న ఫోర్ స్ట్రోకులు తయారయ్యేది టొహాట్సు దగ్గరే, రెండు కంపెనీలకీ కలిపి ఒక ఉమ్మడి సంస్థ ఉంది. రెండు రంగుల మూతల కోసం రెండు షాపుల్లో బేరమాడిన రోజులు నాకు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నేను కొన్నది ఈ 20 హెచ్‌పీ గుంపులో ఒకటి. ఏదో చెప్పను. చెబితే మీరు పేరు చూసి కొనేస్తారు, నేను కొనడానికి అసలు కారణం పేరు కాదు. మూడు షాపులకి వెళ్లి, మోటారు రేటు అడక్కుండా, "దీనికి వాటర్ పంపు ఇంపెల్లర్ కిట్టు ఇవ్వండి, ఆనోడ్ ఇవ్వండి, ఒక సైజు తక్కువ పిచ్ ఉన్న ఫ్యాను ఇవ్వండి" అని అడిగాను. (ఇంపెల్లర్ అంటే చల్లబరిచే నీళ్లు తోడే పంపులోని రబ్బరు రెక్కల చక్రం, ఆనోడ్ అంటే మోటారు బదులు తను ఉప్పుకి కరిగిపోయే లోహపు ముక్క, ఫ్యాను అంటే బోటుని తోసే ప్రొపెల్లర్, పిచ్ సంగతి కింద చెబుతాను.) ఒక షాపులో "తెప్పిస్తాం సార్, మూడు వారాలు" అన్నారు. రెండోచోట ఇంపెల్లర్ అంటే ఏంటో కౌంటర్‌లో అబ్బాయికి తెలియలేదు. మూడోచోట పెద్దాయన వెనక్కి తిరిగి అరలోంచి మూడూ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన ఏ బ్రాండు అమ్ముతున్నాడో అదే నా బ్రాండ్. ఎవిన్‌రూడ్ 1909 నుంచి ఉన్న పేరు, అవుట్‌బోర్డ్ మోటారుని వ్యాపారంగా నిలబెట్టిన వాళ్లు, అలాంటిదాన్నే 2020లో దాని యజమాని కంపెనీ బీఆర్‌పీ తయారీ ఆపేసింది. పేరు ఎంత పాతదైనా, అరలో పార్టు లేనప్పుడు మోటారు బోటుకి కట్టిన బరువు మాత్రమే.

అయితే ఆ పెద్దాయన దగ్గర స్టాకు లేక, మోటారుని ఇంకో అమ్మకందారు ద్వారా తెప్పించుకున్నాను, అక్కడ దెబ్బ తిన్నాను. వచ్చింది షార్ట్ షాఫ్ట్, అంటే ఫ్యాను దాకా దిగే కాలు పొట్టిది. నా పలక ఎత్తు 20 అంగుళాలు, నాకు కావాల్సింది లాంగ్ షాఫ్ట్, అదీ 20. వచ్చింది 15. పలక మీద వేలాడదీస్తే ఫ్యాను పైన ఉండే అడ్డ రెక్క బోటు అడుగు కంటే ఐదంగుళాలు పైన ఉంది. ఆ రెక్క బోటు అడుగుతో సమానంగానో, ఒక అంగుళం కిందో ఉండాలి, పైన ఉంటే ఫ్యాను గాలి పీలుస్తుంది, ఇంజను అరుస్తుంది, బోటు కదలదు, ఇంకా పైకి పోతే చల్లబరిచే నీళ్లు కూడా అందవు. ఫోన్ చేస్తే "కాస్త పలక కోసుకోండి సార్, అందరూ అలాగే చేస్తారు" అన్నాడు. పలక కోస్తే వెనకనుంచి వచ్చే ప్రతి అల నా ఒళ్లోనే. వెనక్కి పంపి, గొడవపడి, లాంగ్ షాఫ్ట్ వచ్చేసరికి పన్నెండు రోజులు, మంచి సీజన్‌లో. ఆర్డర్ ఇచ్చేటప్పుడు పలక ఎత్తు అంగుళాల్లో మీరే కొలిచి, బిల్లు మీద రాయించుకోండి. నేను నోటిమాటగా చెప్పాను, తప్పు నాది కూడా.

ఇక మోటారు ఎలా ఉందంటే.

తాడు లాగితే రెండోసారికి లేస్తుంది, చాలాసార్లు మొదటిసారికే. బ్యాటరీ అక్కర్లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇది, తాడు లాగినప్పుడు ఫ్లైవీల్ కింద పుట్టే కరెంటుతోనే పంపు, కంప్యూటరు, ఇంజెక్టర్లు పనిచేస్తాయి. చోక్ లేదు, పెట్రోలు బల్బు గట్టిపడేదాకా నొక్కడం, లాగడం, అంతే. మొదటి వారంలో రెండుసార్లు, నడుస్తున్న మోటారుకి తాడు లాగబోయాను. అంత నిశ్శబ్దం. వెనక కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుకోవడం పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ అలవాటు చేసుకుంటున్నాం, మావాడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

ఇంధనం విషయంలో నమ్మలేక నెల రోజులు క్యాన్ మీద గీతలు పెట్టి కొలిచాను. అదే దూరం, అదే పని, వేటకి 17 నుంచి 19 లీటర్లు. సగం. కలిపే ఆయిల్ లేదు. ఖాళీగా వెళ్లేటప్పుడు పాతది 14 నాట్స్ ఇచ్చేది, ఇది 13. నిండుగా వచ్చేటప్పుడు రెండూ 8 దగ్గరే. 5 హెచ్‌పీ తగ్గించినందుకు నేను పోగొట్టుకున్నది ఆ ఒక్క నాట్, అది కూడా ఫ్యాను మార్చాక.

ఫ్యాను గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మోటారు బాలేదని తిట్టేవాళ్లలో చాలామందికి అసలు బాలేనిది ఫ్యానే. పెట్టెలో వచ్చింది 9 అంగుళాల పిచ్, అంటే జారకపోతే ఒక చుట్టుకి బోటుని 9 అంగుళాలు ముందుకి తోస్తుంది. తేలికైన బోట్లకి అది సరిపోతుంది. నా బోటు నిండితే ఫుల్ థ్రాటిల్‌లో కూడా ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు), మోటారుతో వచ్చిన పుస్తకంలో రాసిన కనీసానికి నాలుగు వందలు తక్కువలో ఆగిపోయేది. పెద్ద గేరులో కొండ ఎక్కే బండి లాంటిదే, ఇంజను లోలోపల మూలుగుతుంది, ఏళ్ల తరబడి అలా నడిపితే పిస్టన్లు, బేరింగులు పోతాయి, మనకి బయటికి తెలియదు. ప్లగ్ వైరుకి చుట్టుకునే చిన్న ఆర్‌పీఎం మీటరు దొరుకుతుంది, అది లేకుండా ఇది కనిపెట్టడం చెవులతో అసాధ్యం. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది అని లెక్క, రెండు అంగుళాలు తగ్గించి 7 పెట్టాను, సరిగ్గా పుస్తకం గీత దాటింది. నిండు బోటు లాగడం తేడా ఆ రోజే తెలిసింది. ఇంకో లాభం నేను అనుకోనిది, వల ఎత్తేటప్పుడు గేరులో అతి తక్కువ వేగం కూడా తగ్గింది, అంతకు ముందు వల మీదికి దూసుకుపోతుంటే మాటిమాటికీ న్యూట్రల్ చేసేవాణ్ణి. అల్యూమినియం ఫ్యానే పెట్టాను. స్టీలుది గట్టిదే గానీ రాయి తగిలితే ఆ దెబ్బ లోపలి గేర్లకి పోయే ప్రమాదం ఎక్కువ, అల్యూమినియం రెక్క తను వంగి గేర్లను కాపాడుతుంది. మీది ఇంకా బరువైన, నెమ్మదైన బోటైతే హై థ్రస్ట్ మోడళ్లు చూడండి, యమహా టీ9.9లో గేర్ రేషియో 2.92, అంటే ఇంజను 2.92 చుట్లు తిరిగితే ఫ్యాను ఒక్క చుట్టు, పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, పదిలోపు హెచ్‌పీతోనే బరువు లాగుతుంది.

నచ్చనివి. ఫోర్ స్ట్రోక్‌ని ఎలా పడితే అలా పడుకోబెట్టడానికి లేదు, పుస్తకంలో చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి, లేకపోతే సంపులోని (ఇంజను అడుగు తొట్టెలోని) ఆయిల్ సిలిండర్లలోకి పోతుంది. మావాడు ఒకసారి మర్చిపోయాడు, మర్నాడు తాడు రాయిలా బిగుసుకుంది, ప్లగ్గులు తీసి ఆయిల్ కక్కించేసరికి వేట టైము దాటిపోయింది. ఇంజన్ని చల్లబరిచే నీళ్లు బయటికి చిమ్మే చిన్న రంధ్రం ఇసుకకీ ఉప్పుకీ మూసుకుపోతుంది, చేపల వల దారం ముక్క ఒకటి మూత లోపల కట్టి పెట్టుకున్నాను, దాంతో పొడిస్తే వదులుతుంది. ఆ చిమ్ముడు ఆగితే వెంటనే మోటారు ఆపాలి, తర్వాత కారణం వెతకాలి. సముద్రంలో ఆగిపోతే కార్బురేటర్ విప్పి ఊదుకునే అవకాశం ఇక్కడ లేదు, కంప్యూటరుకి కోపమొస్తే నేను చేయగలిగింది తెడ్డు వేయడమే. అందుకే నీళ్లు వడకట్టే 10 మైక్రాన్ల ఫిల్టర్‌ని క్యాన్‌కీ మోటారుకీ మధ్య పెట్టాను. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ లాగుతుంది, నీళ్లు మరీ ఎక్కువైతే ఇథనాల్‌తో సహా క్యాన్ అడుక్కి దిగుతాయి, ఇంజెక్టర్లకి అది విషం. మొదటి రెండు నెలల్లోనే ఫిల్టర్ గిన్నెలో వేలెడు నీళ్లు కనిపించాయి. పైపు చివర కనెక్టర్ కూడా ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, పాత క్యాన్ పైపు తగలదు, ఇది కొన్నరోజు గుర్తుండదు, వేటకెళ్లే తెల్లవారుజామున గుర్తొస్తుంది.

సర్వీసు సంగతి: 20 గంటలకి మొదటి ఆయిల్ మార్పు, ఆ తర్వాత 100 గంటలకోసారి. రోజూ తిరిగే బోటుకి 100 గంటలంటే మూడు వారాలు కూడా పట్టవు, విలాసంగా వారానికోసారి వెళ్లేవాళ్ల కోసం రాసిన లెక్క ఇది, మనం క్యాలెండర్ కాదు, గంటలు రాసుకోవాలి. నేను మూత లోపల పెన్సిల్‌తో గీతలు గీస్తున్నాను. ఇంపెల్లర్ ఆరు నెలలకి తీసి చూస్తే రెక్కల అంచులు పగుళ్లు, మార్చేశాను. ఆనోడ్ సగం కరిగింది, కరగడం దాని పని, కరగలేదంటేనే భయపడాలి, దాని మీద పెయింటు మాత్రం వేయకండి. రోజూ వచ్చాక పది నిమిషాలు మంచినీళ్లు ఎక్కిస్తున్నాను. పాత మోటారుకి ఈ పది నిమిషాలు ఇచ్చి ఉంటే ఆ బ్లాకు ఇలా పొడిపొడిగా రాలిపోయేదా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

సెకండ్ హ్యాండ్ ఫోర్ స్ట్రోక్ ఒకటి కూడా చూశాను మధ్యలో. మెరిసిపోతోంది, మూత మీద స్టిక్కర్లు కొత్తవి. బోల్టుల తలల మీద కూడా కొత్తగా పెయింటు పూసినట్టుంది. మేం వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంది, అంటే ముందే లేపి ఉంచాడు, చల్లగా ఉన్నప్పుడు ఎలా లేస్తుందో చూడనివ్వడం ఇష్టం లేదు. గేర్ ఆయిల్ విప్పి చూస్తానంటే సీలు పాడవుతుందన్నాడు. వచ్చేశాం. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు చల్లటి ఇంజను, గేర్ ఆయిల్, సిలిండర్ల మధ్య కంప్రెషన్ తేడా పది శాతం లోపు, ఈ మూడూ చూడనివ్వని చోట బేరం మొదలెట్టకండి.

ఏడాదిలో సుమారు 900 గంటలు తిరిగింది. ప్లగ్గులు రెండుసార్లు, ఇంపెల్లర్ రెండుసార్లు, ఆనోడ్ ఒకటి, ఫ్యాను ఒకటి. పిడి దగ్గర బిగువు స్క్రూ వదులవుతూ ఉంటుంది, వారానికోసారి తిప్పుకోవాలి. బావ ఈ మధ్య తన 22 అడుగుల బోటుకి 40 టూ స్ట్రోక్ కొత్తది పెట్టాడు, రోజూ అలల్లోంచి లాగే బోటు అది, ఇంటి పక్కనే మెకానిక్, ఆయన లెక్క ఆయనకి సరిగ్గానే ఉంది. పెట్రోలు క్యాన్లు మోసేటప్పుడు మాత్రం నా వైపు చూడడు. పెట్టెలో వచ్చిన ఆ 9 పిచ్ ఫ్యాను ఇంకా గోనెసంచిలో చుట్టి అలాగే ఉంది, తేలిక బోటు ఉన్నవాళ్లెవరైనా అడిగితే ఇచ్చేస్తాను.